ఆవరణ శాస్త్రం: చదువు, బోధన, వృత్తి

వెనుకటి పాఠాల్లో మీరు ఆవరణ వ్యవస్థ, ఆహారపు గొలుసు, పోషక చక్రాలు, అనుక్రమం గురించి చదివారు. ఈ పాఠం వాటిని మళ్లీ చెప్పదు. ఆ సంగతులను మనకు తెలియజేసిన శాస్త్రవేత్తలు నేల మీద ఏం పని చేశారు, ఆ పనిని శిష్యులకు ఎలా అప్పగించారు, దాన్ని చదువుగానో వృత్తిగానో తీసుకోదలచిన మీరు ఎక్కడ మొదలుపెట్టవచ్చు అన్నవి ఇందులోని విషయాలు. ఉదాహరణగా బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఆవరణ శాస్త్ర శాఖను నిలబెట్టిన ఆచార్య రామ్‌దేవ్ మిశ్రాను, ఆయన శిష్యులను తీసుకుందాం.

ముందు రెండు మాటల మధ్య తేడా చూడాలి. ఆవరణ శాస్త్రం అంటే జీవులకూ వాటి పరిసరాలకూ మధ్య ఉన్న సంబంధాల అధ్యయనం. జర్మన్ జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ 1866లో ఈ శాస్త్రానికి పేరు పెట్టాడు. ఆ పేరుకు మూలమైన గ్రీకు పదానికి ఇల్లు అని అర్థం. పర్యావరణ శాస్త్రం దీనికంటే విశాలమైనది. నీరు, గాలి, రసాయనాలు, ప్రజారోగ్యం, చట్టం, ఆర్థికం అన్నీ అందులోకి వస్తాయి. అయితే ఒక చెరువు పాడైందని చెప్పాలంటే బాగున్నప్పుడు అందులో ఏయే జీవులు ఎంతెంత ఉండేవో ముందు తెలియాలి. అది చెప్పేది ఆవరణ శాస్త్రం. అందువల్ల పర్యావరణ శాస్త్రంలోకి రాదలచినవారు ఆవరణ శాస్త్రం ద్వారా రావడమే మంచిదని నా అభిప్రాయం.

సుప్రీంకోర్టు 1991లో ఎం.సి. మెహతా కేసులో ఇచ్చిన ఆదేశాల వల్ల పర్యావరణం అన్ని స్థాయుల్లోనూ తప్పనిసరి పాఠ్యాంశమైంది. డిగ్రీ విద్యార్థులందరికీ యూజీసీ ఆరు నెలల పాఠ్యక్రమాన్ని నిర్దేశించింది. ఆదేశం మంచిదే. ఆచరణలో మాత్రం చాలా చోట్ల అది పరీక్షకు ముందు రాత్రి కంఠస్థం చేసే పేపరుగా మిగిలింది. ఓజోన్ పొర గురించి పది మార్కుల జవాబు రాసిన విద్యార్థికి తన ఇంటి వెనుక పెరిగే నాలుగు మొక్కల పేర్లు తెలియకపోవడం పరీక్షా పత్రాలు దిద్దిన వారందరికీ అనుభవమే.

కాశీలో మొదలైన బడి

మన దేశంలో మొక్కల సముదాయాలను ఆవరణ దృష్టితో చూడడం మిశ్రాకు ముందే మొదలైంది. అలహాబాద్‌లో పనిచేసిన విన్‌ఫీల్డ్ డడ్జన్ 1920లో ఎగువ గంగా మైదానపు వృక్షసముదాయాలపై ఒక అధ్యయనం ప్రచురించారు. హెచ్.జి. ఛాంపియన్ 1936లో భారతదేశం, బర్మా అడవులను రకాలుగా వర్గీకరించారు. కానీ ఇవి విడివిడి ప్రయత్నాలు. ఆవరణ శాస్త్రం ఒక బోధనాంశంగా ఇంకా నిలదొక్కుకోలేదు.

రామ్‌దేవ్ మిశ్రా 1908 ఆగస్టు 26న జన్మించారు. ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్య డబ్ల్యు.హెచ్. పియర్సాల్ దగ్గర పరిశోధన చేసి 1937లో డాక్టరేట్ పొందారు. అక్కడి సరస్సుల్లో ఏ నీటిమొక్క ఎక్కడ పెరుగుతుంది, ఎందుకు అన్నది ఆయన పరిశోధనాంశం. జవాబు కోసం ఆయన నీటి అడుగున ఉన్న మట్టిని పరీక్షించారు. మొక్కల పంపిణీకీ అడుగు మట్టి స్వభావానికీ ఉన్న సంబంధంపై ఆయన వ్యాసం 1938లో వెలువడింది. మొక్కకు పేరు పెట్టి హెర్బేరియంలో అతికించడంతో వృక్షశాస్త్రజ్ఞుడి పని ముగిసినట్లు చాలామంది భావించే రోజులవి. ఆ మొక్క పక్క అడుగులో ఎందుకు లేదు అని అడగడం వేరే రకమైన పని.

స్వదేశంలో ఆయన చేసిన పనిలో ముఖ్యమైనది బోధన. మన దేశంలో ఆవరణ శాస్త్రానికి తొలి పోస్ట్‌గ్రాడ్యుయేట్ పాఠ్యక్రమాన్ని రూపొందించినది ఆయనే. ఆయన పర్యవేక్షణలో 50 మందికి పైగా పరిశోధకులు డాక్టరేట్ పొందారు. వారు వేర్వేరు విశ్వవిద్యాలయాలకూ పరిశోధనా సంస్థలకూ వెళ్లి అక్కడ ఈ శాస్త్రాన్ని ప్రారంభించారు. ఆయనను భారతదేశంలో ఆవరణ శాస్త్ర పితామహుడు అనడానికి ప్రధాన కారణం ఇదే. 1972లో కేంద్ర ప్రభుత్వం జాతీయ పర్యావరణ ప్రణాళిక, సమన్వయ సంఘాన్ని ఏర్పాటు చేయడం వెనుక కూడా ఆయన కృషి ఉంది. ఆ దారిలోనే 1980లో పర్యావరణ శాఖ, తర్వాత ప్రత్యేక మంత్రిత్వ శాఖ వచ్చాయి.

ఆయన 1968లో ప్రచురించిన పుస్తకం పేరు 'ఎకాలజీ వర్క్‌బుక్'. పేరులోనే ఆయన బోధనా పద్ధతి ఉంది. అది సిద్ధాంత గ్రంథం కాదు, పని పుస్తకం. విద్యార్థి నేల మీదికి వెళ్లి ఏం కొలవాలి, ఎలా కొలవాలి అన్నది దాని విషయం. సిద్ధాంతం తరగతి గదిలో చెప్పి, పద్ధతిని మాత్రం ఎవరికి వారు నేర్చుకోమని వదిలేసే అలవాటు మన విశ్వవిద్యాలయాల్లో ఉంది. ఈ విషయంలో మిశ్రా దారి సరైనదని నేను నమ్ముతాను.

ఒక చిన్న మొక్క, రెండు రూపాలు

ఆయన శిష్యుల పని ఎలాంటిదో తెలియడానికి ఒక ఉదాహరణ. రెడ్డివారి నానబాలు మొక్క మీలో చాలామందికి తెలుసు. తుంచితే పాలు కారుతుంది, ఇళ్ల ముందూ చేల గట్ల మీదా పెరుగుతుంది. దానికి దగ్గరి బంధువు, ఇంకా చిన్నది, నేలను అంటుకుని పాకేది ఒకటుంది. శాస్త్రీయ నామం యుఫోర్బియా థైమిఫోలియా. ఇటుకల సందుల్లోనూ పెరుగుతుంది. దాన్ని జాగ్రత్తగా చూస్తే కొన్ని మొక్కలు ఎర్రగా, కొన్ని పచ్చగా కనిపిస్తాయి. కలుపు మొక్క రంగును ఎవరు పట్టించుకుంటారు?

పి.ఎస్. రామకృష్ణన్ పట్టించుకున్నారు. బనారస్‌లో చేసిన ఈ పరిశోధనలో ఆయన తేల్చినదేమంటే, ఎర్ర రూపం సున్నం తక్కువగా ఉన్న నేలల్లోనే పెరుగుతుంది, పచ్చ రూపం సున్నం ఎక్కువగా ఉన్న నేలను తట్టుకుంటుంది. ఇక్కడ గమనించవలసింది తర్కం. మట్టి వేరైనందువల్ల మొక్క పైకి వేరుగా కనిపిస్తోందా, లేక మొక్క స్వభావమే వేరా? దీన్ని తేల్చడానికి రెండు రూపాల గింజలనూ ఒకే మట్టిలో, ఒకే పరిస్థితుల్లో పెంచి చూడాలి. అప్పుడు తేడా మాయమైతే అది పరిసరాల వల్ల వచ్చిన తాత్కాలిక మార్పు. అటువంటి రూపాలను ఎకాడ్‌లు అంటారు. తేడా నిలిచి ఉంటే అది వంశపారంపర్యమైనది. అటువంటి రూపాలను ఎకోటైప్‌లు అంటారు. ఈ మాటను స్వీడన్ శాస్త్రవేత్త టురెసాన్ 1922లో ప్రవేశపెట్టారు. థైమిఫోలియా రూపాలు ఎకోటైప్‌లు. పరీక్షలో ఈ రెండు మాటలకు నిర్వచనాలు అడుగుతారు. నిర్వచనం మరచిపోయినా, ఒకే మట్టిలో పెంచి చూడడం అన్న ఉపాయం గుర్తుంటే నిర్వచనాన్ని మీరే రాసుకోగలరు.

రామకృష్ణన్ తర్వాతి కాలంలో ఈశాన్య రాష్ట్రాల్లోని ఝూమ్ సాగుపై చేసిన పరిశోధనలతో ప్రసిద్ధులయ్యారు. మన తూర్పు కనుమల్లో పోడు అనేది అదే. అడవిలో కొంత మేర నరికి, కాల్చి, ఆ బూడిద సత్తువతో ఒకటి రెండేళ్లు పంట తీసి, ఆ నేలను వదిలి వేరే చోటికి వెళ్లడం. ఈ సాగును అధికారులు విధ్వంసంగా చూడడం, సాగుచేసేవారి సానుభూతిపరులు సంప్రదాయంగా సమర్థించడం మామూలు. రామకృష్ణన్ అడిగిన ప్రశ్న వేరు: వదిలిన నేలకు మళ్లీ తిరిగి రావడానికి ఎన్నేళ్లు పడుతోంది? ఆ వ్యవధిని ఝూమ్ చక్రం అంటారు. మట్టిలోని పోషకాలు, కలుపు, దిగుబడి, మనుషుల శ్రమ అన్నీ లెక్కవేసి, చక్రం కనీసం 10 ఏళ్లు ఉంటే వ్యవస్థ తట్టుకుంటుందనీ, జనాభా ఒత్తిడితో అది 4, 5 ఏళ్లకు కుదించుకుపోయినప్పుడే నేల కోలుకోదనీ చూపారు. నానబాలు మొక్క రంగు దగ్గర మొదలైన చూపే, ఏ మట్టి ఏమి భరిస్తుంది అన్న చూపే, ఇక్కడ వేలాది గిరిజన కుటుంబాల జీవనాధారానికి సంబంధించిన ప్రశ్నగా మారింది. అయితే ఈ 10 ఏళ్ల అంకెను తీసుకొచ్చి మన ఏజెన్సీ ప్రాంతాలకు యథాతథంగా అతికించకూడదు. అక్కడి వర్షపాతం వేరు, మట్టి వేరు. తీసుకోవలసింది ప్రశ్నను, కొలిచే పద్ధతిని.

చతురస్రం గీసి లెక్కించడం

ఇక పద్ధతికి వద్దాం. ఒక బీడు భూమిలో ఏ మొక్కలు ఎన్ని ఉన్నాయో చెప్పాలి. అన్నీ లెక్కించడం అసాధ్యం. అందుకని కొన్ని చిన్న చతురస్రాలను ఎంచుకుని, వాటిలో మాత్రమే లెక్కిస్తాం. ఈ చతురస్రాన్ని క్వాడ్రాట్ అంటారు. నాలుగు కర్రపుల్లలు, ఒక పురికొస ఉంటే చాలు.

చతురస్రం ఎంత ఉండాలి? మొదట 25 సెంటీమీటర్ల భుజంతో చిన్నది గీసి అందులోని జాతులను లెక్కించండి. తర్వాత వైశాల్యాన్ని రెట్టింపు చేస్తూ పోండి. మొదట్లో ప్రతిసారీ కొత్త జాతులు చేరుతాయి. ఒక దశ తర్వాత వైశాల్యం పెంచినా కొత్తవి దాదాపు చేరవు. ఆ పరిమాణం మీకు సరిపోతుంది. పచ్చిక నేలల్లో సాధారణంగా ఒక మీటరు భుజం చాలు. ఎక్కడ వేయాలన్నది ఇంకా ముఖ్యం. మొక్కలు దట్టంగా ఉన్న చోట వేయాలని మనసు లాగుతుంది. దానికి లొంగితే ఫలితం చెడుతుంది. చీటీలు వేసి అంకెలు తీసి, అన్ని అడుగులు నడిచి, ఆగిన చోట వేయాలి.

ఇప్పుడు ఒక లెక్క. అంకెలు వివరణ కోసం వేసుకున్నవి. మీటరు భుజం గల 10 క్వాడ్రాట్లు వేశారు. గరిక 8 క్వాడ్రాట్లలో కనిపించింది, మొత్తం 120 పిలకలు. నానబాలు 3 క్వాడ్రాట్లలోనే కనిపించింది, మొత్తం 45 మొక్కలు. ఒక జాతి ఎన్ని క్వాడ్రాట్లలో కనిపించిందో శాతంగా చెబితే పౌనఃపున్యం: గరికకు 80, నానబాలుకు 30. మొత్తం సంఖ్యను క్వాడ్రాట్లన్నిటితో భాగిస్తే సాంద్రత: గరికకు చదరపు మీటరుకు 12, నానబాలుకు 4.5. మొత్తం సంఖ్యను ఆ జాతి కనిపించిన క్వాడ్రాట్లతో మాత్రమే భాగిస్తే సమృద్ధి: గరికకు 120ని 8తో భాగించగా 15, నానబాలుకు 45ను 3తో భాగించగా అదే 15.

రెండింటి సమృద్ధీ ఒకటే. అయినా ఆ రెండు మొక్కల జీవితం ఒకటి కాదు. గరిక నేలంతా పరచుకుని ఉంది, నానబాలు మూడు చోట్ల గుంపులు కట్టి ఉంది. ఎందుకు గుంపు కట్టింది? అక్కడి మట్టి వేరా, పశువులు తొక్కిన చోటా, గింజలు దూరం పోలేకపోయాయా? ఇక్కడి నుంచే పరిశోధన మొదలవుతుంది. అంకెలు జవాబు ఇవ్వలేదు, సరైన ప్రశ్న ఇచ్చాయి. అన్నట్టు, గరిక తీగలా పాకి కణుపు కణుపుకూ వేరు దిగుతుంది కాబట్టి ఏది ఒక మొక్క అన్నది చెప్పడం కష్టం. అందుకే పైన పిలకలు అన్నాను. దేన్ని ఒకటిగా లెక్కించారో మీ నోట్‌బుక్కులో ముందే రాసుకోవాలి.

రుతువు మారితే లెక్క మారుతుంది

పైన చెప్పిన లెక్క ఒక రోజుది. అదే బీడులో మే నెలలో ఒక లెక్క వస్తుంది, సెప్టెంబరులో మరొకటి వస్తుంది. జె.ఎస్. సింగ్ బనారస్ విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధన వారణాసి పచ్చిక భూముల మీద. అవి రుతువును బట్టి ఎలా మారతాయి, ఎంత జీవద్రవ్యరాశిని ఉత్పత్తి చేస్తాయి అన్నది ఆయన ప్రశ్న. దీనికి వాడేది కోత పద్ధతి. ప్రతి నెలా కొన్ని క్వాడ్రాట్లలోని గడ్డిని నేలమట్టంగా కోసి, జాతులవారీగా వేరుచేసి, సుమారు 80 డిగ్రీల సెంటీగ్రేడు ఓవెన్‌లో బరువు మారకుండా నిలిచేదాకా ఆరబెట్టి తూస్తారు. వేర్లను కూడా మట్టితో తవ్వి, కడిగి తూస్తారు. ఒక నెలకూ మరో నెలకూ మధ్య పెరిగిన బరువును బట్టి, మధ్యలో ఎండి రాలినదాన్ని కూడా కలుపుకుని, ఉత్పాదకతను లెక్కిస్తారు. వినడానికి గడ్డి కోసే పనిలా ఉంటుంది, నిజానికి అదే. కానీ ఒక గడ్డిభూమి ఎన్ని పశువులను మోయగలదన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే దీన్ని మించిన దగ్గరి దారి లేదు.

మన ప్రాంతంలో ఈ రుతుభేదం మరీ ఎక్కువ. రాయలసీమలోనో, మహబూబ్‌నగర్ వైపో వేసవిలో బోసిగా కనిపించే గుట్ట, రెండు మంచి వానలు పడ్డాక పదుల కొద్దీ చిన్న మొక్కలతో నిండిపోతుంది. అవి నెలా రెండు నెలల్లో పూసి, గింజ రాల్చి, కనుమరుగవుతాయి. వేసవిలో చూసినవాడు ఆ గుట్టను ఖాళీ భూమి అంటాడు.

ఈ మాట కాగితం మీదికి ఎక్కినప్పుడు ఏమవుతుందో చూడండి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం గనులు, విద్యుత్ కేంద్రాలు వంటి అనేక ప్రాజెక్టులకు ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. దానికోసం తయారుచేసే నివేదికలో ఆ ప్రాంతపు మొక్కల, జంతువుల వివరాలు ఉండాలి. చాలా ప్రాజెక్టులకు వానాకాలం కాని ఒక్క రుతువులో సేకరించిన సమాచారం సరిపోతుందన్నది నియమం. గాలి నాణ్యత కొలతకు దానికి కారణం ఉంది, వాన ధూళిని కడిగేస్తుంది. మొక్కల విషయంలో మాత్రం ఆ నియమం వల్ల ఏ కాలంలో చూడాలో ఆ కాలమే తప్పిపోతుంది. నేను చదివిన ఒక నివేదికలో, సముద్రానికి చాలా దూరంలో ఉన్న ప్రాంతపు మొక్కల జాబితాలో మడ అడవుల చెట్టు ఒకటి ఉంది. జాబితాను వేరే నివేదిక నుంచి ఎత్తి పెట్టారని తెలుసుకోవడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు, మొక్క తెలిస్తే చాలు. ఆ మొక్క తెలిసినవారు ఆ ఊళ్లో ఒక్కరైనా ఉంటే ఆ ప్రశ్న ప్రజాభిప్రాయ సేకరణ సభలోనే వచ్చేది. ఆ సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో కూడా అందుబాటులో ఉంచాలి. అంటే తెలుగులో. ఏ నెలలో లెక్కించారు, ఎన్ని క్వాడ్రాట్లు వేశారు, ఎక్కడ వేశారు అన్న మూడు ప్రశ్నలు ఈ పాఠం చదివిన ఎవరైనా అడగవచ్చు.

వృత్తిగా తీసుకుంటే

ముందే చెబుతున్నాను, ఇది త్వరగా డబ్బు తెచ్చే చదువు కాదు. ఉద్యోగాలు ఉన్నాయి కానీ కామర్స్, కంప్యూటర్ రంగాలతో పోలిస్తే తక్కువ. జల కాలుష్య నియంత్రణ చట్టం కింద 1974 నుంచి ఏర్పడుతూ వచ్చిన రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండళ్లు, అటవీ శాఖలు, నాగపూర్‌లోని నీరీ, డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థ, ఉపగ్రహ చిత్రాలతో అడవులను, నీటి వనరులను పరిశీలించే హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వంటివి ఈ చదువుకు సంబంధించిన చోట్లు. అధ్యాపక వృత్తికి పర్యావరణ శాస్త్రంలో నెట్ పరీక్ష ఉంది. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయన శాస్త్రం, గణితం వంటి సబ్జెక్టుల్లో ఒకటైనా డిగ్రీలో చదివినవారు భారత అటవీ సర్వీసు పరీక్ష రాయవచ్చు. ఎమ్మెస్సీ ప్రవేశాలకు ఏ సబ్జెక్టులు కావాలో ప్రతి విశ్వవిద్యాలయం ప్రకటనలోనూ విడిగా చూసుకోండి. ఆర్ట్స్ విద్యార్థులు కూడా గణాంక శాస్త్రం కొంత నేర్చుకుంటే క్షేత్ర సర్వేల్లో ఉపయోగపడతారు.

దూరవిద్యలో చదివేవారికి ప్రయోగశాల లేదని, క్షేత్ర పర్యటనలు లేవని దిగులు ఉంటుంది. ప్రయోగశాల విషయంలో ఆ దిగులు న్యాయమైనదే, ఓవెన్‌ను వంటింట్లో తయారుచేసుకోలేం. క్షేత్రం విషయంలో మాత్రం మీ స్థితి క్యాంపస్ విద్యార్థి కంటే మెరుగు. అతను ఏడాదికొకసారి బస్సులో వెళ్లి ఒక అడవిని రెండు రోజులు చూసి వస్తాడు. మీలో బడిపంతుళ్లు, రైతులు, అటవీ బీట్ ఆఫీసర్లు, వ్యవసాయ శాఖ సిబ్బంది, గృహిణులు ఉన్నారు. ఒకే చోటును పన్నెండు నెలలూ చూడగల అవకాశం మీకు ఉంది. పైన చెప్పిన పని అంతటికీ కావలసింది అదే.

బడిపంతుళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. పిల్లలతో మొక్కలు నాటించి ఫొటో తీయించడం చాలా బడుల్లో జరుగుతోంది. ఆ పిల్లలకే వచ్చే ఏడాది అదే వారంలో ఎన్ని బతికాయో లెక్కించే పని ఇవ్వండి. నూటికి ఎన్ని బతికాయి, ఏ జాతివి చచ్చిపోయాయి, నీడలో ఉన్నవా, గట్టు మీదివా, మేకలు తిన్నవా. పిల్లలు ఎండలో తిరుగుతూ తామే పట్టిక తయారుచేస్తారు, జవాబు కోసం పోట్లాడుకుంటారు. ఉపన్యాసం విని పర్యావరణ శాస్త్రంలోకి వచ్చినవారిని నేను పెద్దగా చూడలేదు. లెక్క తేలక మళ్లీ మళ్లీ వెళ్లి చూసినవారు మాత్రం చాలామంది వచ్చారు.

మీ పని ఊరికి అధికారికంగా ఉపయోగపడే దారి కూడా ఒకటుంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. స్థానికులను సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారుచేయడం ఆ కమిటీ ప్రధాన బాధ్యత. ఆ ఊరి పంటల రకాలు, చెట్లు, చేపలు, పక్షులు, మందు మొక్కలు, వాటి గురించి పెద్దలకు తెలిసిన సంగతులు అందులో నమోదు కావాలి. మీ పంచాయతీ కార్యాలయానికి వెళ్లి ఆ రిజిస్టరు చూపించమని అడగండి. ఉంటే, మీకు తెలిసిన ఏ మొక్క అందులో లేదో రాసుకోండి. లేకపోతే, దాన్ని మొదలుపెట్టడానికి మీ నోట్‌బుక్కు పనికొస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఇంటి దగ్గరి బీడులోనో, కాలువ గట్టు మీదో మీటరు భుజం గల 10 క్వాడ్రాట్లు వేయండి. ఎక్కువగా కనిపించే మూడు జాతుల పౌనఃపున్యం, సాంద్రత, సమృద్ధి లెక్కించండి. శాస్త్రీయ నామం తెలియకపోతే ఊళ్లో పిలిచే పేరు రాసి, ఒక రెమ్మను పాత పత్రికల మధ్య నొక్కి ఉంచండి.

2. ఇదే పనిని మూడు నెలల తర్వాత అదే చోట మళ్లీ చేయండి. ఏ జాతి కొత్తగా వచ్చింది, ఏది కనిపించలేదు?

3. మీ పరిసరాల్లో రెండు రూపాల్లో కనిపించే ఒక మొక్కను ఎంచుకోండి. అవి ఎకాడ్‌లో, ఎకోటైప్‌లో తేల్చడానికి రెండు పూలకుండీలతో మీరు ఏం చేస్తారో పది వాక్యాల్లో రాయండి.